వానలు పడకముందే కుక్క తిండి మారుస్తున్నారా?

వానాకాలంలో కుక్కలకు విరేచనాలు పట్టుకోవడం మామూలే. గుంటల్లో నీళ్లు తాగుతాయి, తిండికి బూజు పడుతుంది. అందుకే కొందరు ముందుజాగ్రత్తగా ‘ప్రీబయోటిక్’ (పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకు మేతయ్యే పీచు) అని రాసున్న డాగ్ ఫుడ్‌కి మారుస్తుంటారు. మంచిదే. కానీ ఆ మార్పు వానలకు ముందే, మెల్లగా జరగాలి.

ప్యాకెట్ వెనక చికరీ వేరు, ఇనులిన్, ఎఫ్ఓఎస్ (ఫ్రక్టో ఓలిగోశాకరైడ్లు) అనే ప్రీబయోటిక్ పేర్లు వెతకండి. ఇవి చిన్నపేగులో అరగవు. పెద్దపేగుకు చేరి అక్కడి మంచి బ్యాక్టీరియాకు ఆహారమవుతాయి. ఆ బ్యాక్టీరియా తయారుచేసే బ్యూటిరేట్ అనే కొవ్వు ఆమ్లంతో పేగు లోపలి పొరకు బలం వస్తుంది. ఒక్కసారిగా ఎక్కువైతే మాత్రం గ్యాస్, పల్చటి మోషన్స్. కాబట్టి మొదట మూడొంతులు పాత తిండి, ఒక వంతు కొత్తది కలిపి పెట్టండి. వారం పది రోజుల్లో పూర్తిగా మార్చేయొచ్చు. మధ్యలో మలం పల్చబడితే కొత్తది ఇంక పెంచకండి.

నాకు అన్నిటికంటే భయం ఉల్లి, వెల్లుల్లితోనే. మనుషులకు మంచివని చెప్పే ప్రీబయోటిక్ జాబితాల్లో ఇవే ముందుంటాయి. కుక్కలకు ఇవి విషం, పిల్లులకు ఇంకా ప్రమాదం. ఎర్ర రక్తకణాలు చిట్లిపోతాయి. ఉడికించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. పైగా వెంటనే బయటపడదు. కొన్ని రోజులకు చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం ఎర్రగానో గోధుమరంగులోనో వస్తుంది, కుక్క నీరసంగా పడుకుంటుంది. ముక్కలు ఏరేశాం కదా అని చికెన్ కూర పులుసు అన్నంలో కలిపి పెట్టకండి, ఉల్లి సారమంతా ఆ పులుసులోనే ఉంటుంది. ఇంట్లోదే పెట్టాలనుకుంటే ఉప్పూకారం లేకుండా ఉడికించిన తీపి గుమ్మడి మేలు. చిన్న కుక్కకు ఒక టీస్పూను చాలు.

ఈ కాలంలో పెద్ద బస్తాలు కొనకండి. చిన్న ప్యాకెట్ తెచ్చి, దాన్ని అలాగే మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉంచండి. ముక్కిన వాసన కొడితే మొత్తం పారేయండి. బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేడి చేసినా పోదు.

కుక్కపిల్ల వాంతులు చేసుకుంటూ, రక్తంతో నీచువాసన విరేచనాలు పెడుతుంటే గుమ్మడి, పెరుగు అంటూ కూర్చోవద్దు. అది పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు కావచ్చు. వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, టీకాల కార్డు కూడా పట్టుకెళ్లండి.