ఫుడ్ ఫెస్టివల్‌లో స్పెషల్ బర్గర్: ఎప్పుడు వెళ్లాలి, ఏం అడగాలి, ఎలా తినాలి

తిరుపతిలో ఫుడ్ ఫెస్టివల్ పెట్టారంటే అసలు రద్దీ రాత్రి ఏడున్నర దాటాకే. హోటల్ వాళ్ల స్పెషల్ బర్గర్ అసలు రుచి తెలియాలంటే స్టాల్ తెరిచిన మొదటి గంటలోనే వెళ్లండి. జనం పెరిగితే పెనం నిండా ప్యాటీలు (బన్ నడుమ పెట్టే బిళ్లలు) వేసేస్తారు. దాంతో పెనం వేడి పడిపోతుంది, మాంసంలోని నీళ్లు ఊరి ప్యాటీ కాలకుండా ఉడుకుతుంది. పైన గోధుమరంగు పొర కట్టదు. బర్గర్ రుచిలో సగం ఆ పొరదే. శనివారం మన ఊళ్లో చాలా ఇళ్లలో మాంసం ముట్టరు కాబట్టి నాన్‌వెజ్ వరుస చిన్నదిగా ఉంటుంది. అమ్మకం తగ్గి పాతది మిగిలి ఉండొచ్చు, అందుకే ఆ రోజు మాత్రం ప్యాటీ ఎప్పుడు చేశారో తప్పకుండా అడగాలి.

డబ్బు కట్టే ముందే లోపల ఏం పెడుతున్నారో కనుక్కోండి. నాటుకోడి బర్గర్ అయితే మాంసం మెత్తగా ఉడికించి, పీచులుగా తీసి మసాలాలో కలిపిందే తీసుకోండి. నాటుకోడి కండ గట్టిది, కొవ్వు తక్కువ. ఖైమా కొట్టి ప్యాటీ చేస్తే పొడిపొడిగా అయ్యి గొంతు దిగదు. మటన్ ఖైమాలో ఐదో వంతు కొవ్వు ఉంటేనే ప్యాటీ జ్యూసీగా ఉంటుంది. రాగి బన్‌లో మైదా కలిపారంటే మోసం అనుకోవద్దు. రాగుల్లో పిండిని సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్ ఉండదు, ఒట్టి రాగిపిండితో చేసిన బన్ పొంగదు, చేతిలోనే విరిగిపోతుంది. ఉర్లగడ్డ ప్యాటీ అయితే అప్పటికప్పుడు వేయించి ఇవ్వమనండి, అంతే.

మయోనైజ్ గుడ్డుదా, గుడ్డు లేనిదా? పచ్చిగుడ్డుతో చేసినదాంట్లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం ఉంటుంది. అందుకే తెలంగాణ 2024లో, తమిళనాడు 2025లో దాన్ని ఏడాదిపాటు నిషేధించాయి. బయట ఎండ వేడిలో గిన్నెలో పెట్టిందైతే అసలు వద్దు. స్టాల్‌లో చెనక్కాయల ఊరిబిండి (పచ్చడి) ఉంటే అదే రాయమనండి. గట్టిగా ఉంటుంది కాబట్టి బన్ తొందరగా నానదు, కారం కూడా మన నోటికి సరిపోతుంది. బన్ లోపలి వైపు వెన్న రాసి కాల్చమనడం మర్చిపోవద్దు, సాస్ దిగకుండా ఆపేది ఆ కాలిన పొరే.

మొదటిసారి ఎక్స్‌ట్రా చీజ్ వద్దు. ముందు ప్యాటీ అంచు కొంచెం తుంచి విడిగా రుచి చూడండి, ఉప్పు, మసాలా అక్కడే తెలుస్తాయి. తర్వాత నడుమ విరిచి చూడండి. ఖైమా చికెన్ లోపల 74 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. రంగు ఒక్కటే చూసి నమ్మడానికి లేదు, ఎర్ర మసాలా పచ్చిని దాచేస్తుంది. ఆవిరి రాకుండా నడుమ చల్లగా, జిగటగా తగిలితే మొహమాటపడకుండా తిరిగి ఇచ్చేయండి.

చేతికొచ్చాక రెండు నిమిషాలు ఆగి, పది నిమిషాల్లో తినేయండి. కాగితం సగం వరకే విప్పండి. కింది బన్ నానుతుంటే బర్గర్ తిరగేసి పట్టుకోండి, పైది మందంగా ఉంటుంది కాబట్టి బరువు ఆపుతుంది. ఇంకా నాలుగు స్టాళ్లు తిరగాలనుకుంటే ఇద్దరికి ఒకటి చాలు, పుల్ల గుచ్చి అక్కడే కోయించుకోండి.

పార్సిల్ అయితే బన్, ప్యాటీ, ఎర్రగడ్డలు వేరువేరుగా కట్టించుకుని రెండు గంటల్లోపు తినాలి, 32 డిగ్రీలు దాటిన ఎండలో గంటలోపే. కొండకు వెళ్లేవాళ్లు మాత్రం మాంసం బర్గర్ కిందే తినేసి బయలుదేరండి. తిరుమలకు మాంసం తీసుకెళ్లకూడదు, అలిపిరి తనిఖీలోనే ఆపేస్తారు.