బెంగళూరుకు కొత్తగా వచ్చే ఫిజిక్సు పట్టభద్రులకు

ఈ నగరంలో ఉద్యోగ ప్రకటనలు తిరగేసే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ ఫిజిక్సు వారికి మొదట కలిగేది నిరాశే. ‘ఫిజిసిస్టు కావలెను’ అని దాదాపు ఎవరూ రాయరు. పని మాత్రం ఉంది. దానికి ప్రాసెస్ ఇంజనీర్, మెట్రాలజీ (కొలతల) ఇంజనీర్, ఆప్టికల్ డిజైనర్ అని వేరే పేర్లున్నాయి, ఆ పేర్లతోనే వెతకాలి.

అన్నిటికంటే విశాలమైన దారి సెమీకండక్టర్ యంత్రాలది. ఇక్కడ కేంద్రాలున్న అప్లైడ్ మెటీరియల్స్, లామ్ రీసెర్చ్ వంటి సంస్థలు అమ్మేది చిప్పులను కాదు, వాటిని తయారుచేసే యంత్రాలను. వాయువును ప్లాస్మాగా మార్చి, సిలికాన్ వేఫరు (పలుచని బిళ్ల) మీద నానోమీటర్ల మందాన పొరలు పరచడం, అక్కర్లేని చోట తొలిచివేయడం వాటి పని. అందువల్ల పలుచని పొరలు పరిచే స్పటరింగ్ యంత్రంతోనో వ్యాక్యూమ్ పంపులతోనో ఏళ్ల తరబడి కుస్తీ పట్టినవారు, పీడనాన్ని ఎంతవరకు దించగలిగారో, లీకును ఎలా పట్టుకున్నారో, పొర మందాన్ని దేనితో కొలిచారో రెజ్యూమేలో ముందే రాయాలి. నేను రెండు పేజీల నిండా పరిశోధన పత్రాల జాబితా ఇచ్చి వెళితే, ఇంటర్వ్యూలో ముప్పావు వంతు సమయం హీలియం లీక్ డిటెక్టర్ గురించే గడిచింది.

ఆస్పత్రుల్లో రేడియేషన్ చికిత్స మోతాదులను లెక్కించే మెడికల్ ఫిజిసిస్టు పదవికి ఎమ్మెస్సీ ఒక్కటే చాలదు. బార్క్‌ (భాభా అణు పరిశోధన కేంద్రం) నిర్వహించే రేడియోలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా వంటి గుర్తింపు పొందిన కోర్సు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్ కావాలి. 2023లో కేంద్రం ₹6,003.65 కోట్లతో ఆమోదించిన జాతీయ క్వాంటమ్ మిషన్ వల్ల ఆ రంగం మీద ఆసక్తి పెరిగింది. లేజర్లు, అతిశీతల పరికరాలు తెలిసినవారు దాన్ని గమనిస్తూ ఉండవచ్చు, కానీ దాని మీదే ఆశ పెట్టుకొని మిగతా దరఖాస్తులు ఆపవద్దు. ప్రభుత్వ సంస్థల ప్రకటనల్లో ముందుగా అర్హత గడి చూడండి. బీటెక్ మాత్రమే అడిగినచోట ఎంత అనుభవమున్నా దరఖాస్తు నిలవదు.

ఇక ఇంటి సంగతి. ఆఫర్ లెటరు చేతికి రాకముందే ఇల్లు తీసుకోవద్దు. వైట్‌ఫీల్డ్‌లో పని దొరికినవారికి జాలహళ్లిలో ఇల్లంటే, మెట్రో ఉన్నా రోజూ నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటడమే. అప్పటిదాకా మారతహళ్లిలో మనవాళ్లు ఎక్కువగా ఉండే పీజీలు (పేయింగ్ గెస్ట్ వసతులు) చాలు, భోజనానికీ ఇబ్బంది ఉండదు. ఇల్లు కుదిరాక యజమాని ఐదారు నెలల అద్దెను, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువను అడ్వాన్సుగా అడుగుతారు; ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు కింద అందులోంచి ఎంత తగ్గిస్తారో ఒప్పందంలోనే రాయించుకోండి.