భూగర్భ గనిలో గ్రేడ్ కంట్రోల్‌కు (రాతిలో లోహం ఎంతుందో చూసే పనికి) కొత్తగా వచ్చిన జియాలజిస్టులకు: శాంపిల్ విలువకన్నా ముందు దాని చోటు చూడండి

దేశం కాని దేశంలో, ఒక భూగర్భ బంగారు గనిలో ఈమధ్యే చేరిన ఒక తమ్ముడు, ల్యాబ్ ఫలితాలలో స్టాండర్డులు (విలువ ముందే తెలిసిన శాంపిళ్లు), బ్లాంకులు (బంగారం లేని శాంపిళ్లు) అన్నీ హద్దుల్లోనే ఉన్నాయని చూసుకుని, డేటా సరిగ్గా ఉందని సంతకం చేశాడు. అదే డేటాలో ఒక ఫేస్‌కు (తవ్వకం చివర కనిపించే రాతి ముఖానికి) చెందిన శాంపిళ్లన్నీ, సర్వేవారు గీసిన డ్రైవ్ (సొరంగం) గోడకు అవతల, ఇంకా ఎవరూ తవ్వని రాతిలో ఉన్నాయి. అతణ్ణి తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. నేను వచ్చిన కొత్తలో కూడా ల్యాబ్‌ను ఎలా అనుమానించాలో నేర్పినవారే తప్ప, ఫేస్ దగ్గర మనం కట్టిన సంచిని ఎలా అనుమానించాలో చెప్పినవారు లేరు. ఆ మొదటి నెలలు చాలా భారంగా గడిచాయి.

ల్యాబ్ సంగతి మీరు చదువుకునే వచ్చారు కాబట్టి క్లుప్తంగా ముగిస్తాను. స్టాండర్డ్ ఫలితం దాని ధ్రువీకరించిన విలువనుంచి ప్రామాణిక విచలనానికి 3 రెట్లకు మించి తొలగినా, వరుసగా రెండు స్టాండర్డులు ఒకే వైపున 2 రెట్లు దాటినా, ఆ బ్యాచ్‌ను ఆపి మళ్లీ పరీక్షించమని అడగండి. బ్లాంకును బంగారం కంటికి కనిపించే శాంపిల్ వెనకనే పెట్టండి. క్రషర్‌లో మిగిలిన పొడి తరువాతి దానిలో కలుస్తోందో లేదో అప్పుడే బయటపడుతుంది. ముతక బంగారం ఉన్న రాతిలో డూప్లికేట్లు (ఒకే చోట తీసిన జంట శాంపిళ్లు) రెండింతల తేడాతో వచ్చినా వెంటనే ల్యాబ్‌ను నిందించకండి. గుర్తింపు పరిమితికి దిగువన ఉన్న ఫలితాలు డేటాబేస్‌లోకి -0.01 వంటి రూపంలో వస్తే, వాటిని అలాగే సగటులో కలపకండి.

ఇవన్నీ ల్యాబ్ తన చేతికొచ్చిన పొడిని సరిగ్గా కొలిచిందని మాత్రమే చెబుతాయి. ఆ పొడి గనిలో ఏ చోటిదో చెప్పే బ్లాంకు, స్టాండర్డు ఎక్కడా లేవు. ఒక ఫేస్‌లో మూడు శాంపిళ్లు తీశారనుకోండి: హ్యాంగింగ్ వాల్ (సిరకు పైనున్న రాయి) వైపు 1.2 మీటర్లలో టన్నుకు 0.4 గ్రాములు, మధ్యలో క్వార్ట్జ్ సిర 0.6 మీటర్లలో 18 గ్రాములు, ఫుట్‌వాల్ (సిరకు కిందున్న రాయి) వైపు 1.2 మీటర్లలో 0.6 గ్రాములు. పొడవును లెక్కలోకి తీసుకుంటే ఫేస్ సగటు 4.0 గ్రాములు. సిర సంచిలోని టికెట్టూ (నంబరు చీటీ) ఫుట్‌వాల్ సంచిలోని టికెట్టూ తారుమారైతే, అదే సగటు దాదాపు 7.5 గ్రాములు అవుతుంది. స్టాండర్డులు నెగ్గుతాయి, బ్లాంకులు నెగ్గుతాయి, ఆ తప్పుడు అంకె మీదనే తరువాతి స్టోప్ (ఖనిజం తవ్వి తీసే చోటు) హద్దు గీస్తారు. ఇది తెలిసి కూడా కంట్రోల్ చార్టు (స్టాండర్డుల ఫలితాల గ్రాఫ్) ఒక్కదాన్నే చూసి డేటాను ఆమోదించేవారిని చూస్తే నాకు ఓపిక ఉండదు.

పై తారుమారును పట్టుకోవడానికి దారి ఉంది. చానెల్‌ను (శాంపిల్ కోసం ఫేస్ మీద కొట్టే గాడిని) ఒకే వెడల్పున, ఒకే లోతున తీస్తే, 1.2 మీటర్ల సంచి 0.6 మీటర్ల సంచికి సుమారు రెండింతలు తూగాలి. ల్యాబ్ పంపే పట్టికలో అందిన బరువు కూడా ఉంటుంది. దాన్ని శాంపిల్ పొడవు పక్కన పెట్టి చూడండి. సిర మెత్తగా ఉండి ఎక్కువగా రాలిందా, గట్టి రాయిని తక్కువగా కొట్టారా అన్నది కూడా అక్కడే కనిపిస్తుంది. ఫేస్ ఫోటోలో స్ప్రే పెయింటుతో గీసిన హద్దులు, డ్రైవ్ పేరు, తేదీ, టికెట్ నంబర్లు చదవగలిగేలా ఉండాలి. ఫేస్‌ను కడగకముందు తీసిన ఫోటో దుమ్మును తప్ప దేన్నీ చూపదు.

ఇక చోటు విషయం. ఫేస్‌కు దూరాన్ని లేజర్‌తో సర్వే స్టేషన్ (సర్వేవారు గుర్తు పెట్టిన స్థిర బిందువు) నుంచి కొలుస్తారు. సర్వేవారు కొత్త స్టేషన్ వేసిన తరువాత కూడా పాత స్టేషన్ పేరే రాస్తే, దూరం సరైనదే అయినా డేటాలో ఫేస్ వెనక్కి జారి, ముందు తీసిన ఫేస్ మీద పడుతుంది. బోల్టులు, ఇనుప మెష్, యంత్రాల మధ్య అయస్కాంత దిక్సూచిని నమ్మవద్దు. పైగా గని గ్రిడ్‌లోని (గని సొంత కొలతల చట్రంలోని) ఉత్తరం అసలు ఉత్తరమే కానవసరం లేదు, ఎంత కోణం తేడా ఉందో మొదటి వారంలోనే సర్వే గదికి వెళ్లి అడగండి. ప్రతి షిఫ్టు చివర కొత్త శాంపిళ్లను, సర్వే చేసిన డ్రైవ్ ఆకారంతో కలిపి త్రీడీ తెరమీద తిప్పి చూడండి. ఆకారం బయట ఉన్నవి, రెండు ఫేసులు ఒకేచోట ఉన్నవి, మధ్యలో ఖాళీ వదిలినవి అప్పుడే కనబడతాయి.

పరాయి ఉచ్చారణ అలవాటయ్యేదాకా రేడియోలో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినిపిస్తాయి. లెవెల్ (గనిలోని అంతస్తు) పేరైనా, టికెట్ నంబరైనా ఒక్కొక్క అంకెగా చెప్పించుకుని, తిరిగి చదివి వినిపించండి. కొత్తవారు మళ్లీ అడిగితే చులకనైపోతామని మనవాళ్లు మొహమాటపడతారు. దయచేసి ఆ మొహమాటం మానుకోండి. సపోర్టు వేయని పైకప్పు కిందికి వెళ్లి ఎవరూ శాంపిల్ తీయకూడదు. అలా చేరలేకపోయిన ఫేస్‌కు "తీయలేదు" అని రాయండి, పక్క ఫేస్ విలువను అందులో నింపకండి. తప్పు దొరికినప్పుడు పాత విలువను చెరిపేయకుండా, ఏది మార్చారో, ఎందుకో, ఎవరు మార్చారో తేదీతో సహా పక్కనే ఉంచండి.

ఇంత చదివాక భయపడేవారికి ఒక మాట చెప్పక తప్పదు. చాలా ఫేసులు మొదటిసారికే సరిగ్గా వస్తాయి, రోజూ చూసే కంటికి తప్పు ఫేస్ తెర మీద వెంటనే తడుతుంది. అనుమానం ఉన్న శాంపిల్‌ను పక్కన ఆపి ఉంచే అధికారం గ్రేడ్ కంట్రోల్ జియాలజిస్టుగా మీకు ఉంది. కారణం రాసి ఆపినందుకు ఎవరికైనా ఉద్యోగం పోవడం నేను చూడలేదు.