కొత్త ఇంట్లో ముందుగా పసివాడి మూల: రాయగడ వైపు కాపురం మార్చేవారికి

పార్వతీపురంలో రైలెక్కితే కాసేపటికే ఒడిశాలోని రాయగడ వస్తుంది. ఆ కాస్త దూరంలోనే రాష్ట్రం మారుతుంది, దుకాణాల పైన అక్షరాలు మారతాయి, అంగన్‌వాడీలో పిల్లల చేత పాడించే పాటలూ మారతాయి. ఇవన్నీ పెద్దల లెక్కలు. రెండేళ్ల పిల్లవాడికి తెలిసిన మార్పు ఒక్కటే: రాత్రి కళ్లు తెరిస్తే గోడ ఉండవలసిన వైపున గోడ లేదు. వంటిల్లు, పూజ గూడు, బీరువా అన్నీ కుదిరిన తరువాత పిల్లవాడి సంగతి చూద్దామనుకుని మేము వారం రోజులు నిద్ర పోగొట్టుకున్నాము. అందుకే మొదట వాడికొక మూల సిద్ధం చేయండి. మిగిలిన సామాను నెల రోజులు పెట్టెల్లో ఉన్నా ఏ నష్టమూ లేదు.

ఆ మూలకు చెమ్మ లేని గోడను ఎంచుకోవాలి. కొత్తగా సిమెంటు పూసిన గోడలు పైకి ఆరినట్లు కనిపించినా అరచేయి ఆనిస్తే చల్లగా తగులుతాయి. రంగు వాసన ఇంకా వస్తున్న గదిలో పసివాళ్లను పడుకోబెట్టకుండా, కొన్ని రోజులపాటు తలుపులు, కిటికీలు తెరిచి ఉంచి గాలి ఆడనివ్వడం మంచిది. పాత ఇంట్లో వాడు కప్పుకున్న బొంతను ఉతకకుండా అలాగే తీసుకురండి. మా అత్తగారు ఈ మాట చెప్పినప్పుడు నేను మొహం చిట్లించాను గాని, మొదటి రాత్రి వాడు ఆ బొంత అంచును ముక్కుకు ఆనించుకుని నిద్రపోయినప్పుడు మారు మాట్లాడలేకపోయాను. ఉయ్యాల అలవాటున్న పిల్లలైతే ఇంటి యజమానిని ముందే అడిగి, స్లాబుకు కొక్కెం ఉన్నదో లేదో చూసుకోవాలి. ఉన్నా దానిని నమ్మకుండా, ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తాను ఒక పూటంతా వేలాడదీసి, గట్టిగా ఊపి చూసిన తరువాతే చీర కట్టాలి.

పాలు పొంగించే రోజున ఇంటి నిండా చుట్టాలుంటారు. అందరూ ఉన్నారు కదా అనుకున్న ఇంట్లోనే పిల్లవాడిని ఎవరూ చూడరు. అమ్మమ్మో పిన్నో, ఎవరో ఒకరు ఆ పూటంతా వాడిని తప్ప మరే పనీ చూడకూడదని ముందుగానే అనుకోవాలి. హోమం చేయిస్తే పొగ తగ్గేవరకు వాడిని బయట తిప్పాలి.

మోకాలి ఎత్తునుంచి ఇంటిని చూడడం

సామాను దిగక ముందే ప్రతి గదిలోనూ నేల మీద కూర్చుని చుట్టూ చూడండి. నిలబడి చూసినప్పుడు కనిపించని ప్లగ్గు పాయింట్లు, సింకు కింద వదిలేసిన ఫినాయిలు సీసా, గోడ నుంచి పొడుచుకు వచ్చిన మేకు అప్పుడు కనిపిస్తాయి. వరండా కటకటాల మధ్య పిల్లవాడి తల దూరేటంత సందు ఉంటే గట్టి వల కట్టించాలి. కిరసనాయిలును గాని, యాసిడ్‌ను గాని కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచే అలవాటును గుమ్మం బయటే వదిలి రావాలి. బట్టల పెట్టెల్లో వేసే కలరా ఉండలు, అంటే నాఫ్తలీన్ గోలీలు, తెల్లని మిఠాయిల్లా ఉంటాయి కనుక పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. జీ-6-పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న పిల్లలలో ఆ గోలీలు ఎర్ర రక్తకణాలను చితికిపోయేలా చేస్తాయి. మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల ప్రజలలో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుంది. పిల్లవాడికి అది ఉన్నదో లేదో చాలా ఇళ్లలో తెలియదు. వాటికి బదులు ఎండు వేపాకు వేసుకుంటే సరిపోతుంది.

అన్నిటికంటె ముందు చూడవలసినవి తలుపుల గడియలు. మా వాడికి అప్పటికి రెండేళ్ల మూడు నెలలు. చేరిన నాలుగో రోజున స్నానాల గదిలోకి దూరి, తలుపు మూసి, తన భుజం ఎత్తున ఉన్న ఇనుప గడియను ముచ్చటగా పక్కకు నెట్టేశాడు. వెనక్కు లాగడం వాడికి తెలియలేదు. లోపల బకెట్టు నిండా నీళ్లున్నాయి. నేను తలుపు బాదిన కొద్దీ వాడు మరింత బెదిరి ఏడ్చాడు. మా అత్తగారు నన్ను పక్కకు జరిపి, నేల మీద బోర్లా పడుకుని, తలుపు కింది సందులోంచి వేళ్లు లోపలికి పోనిచ్చి ఆడించసాగారు. "నా ఏళ్లు కనబడతన్నాయేటి నాయనా? ఒచ్చి పట్టుకో, సూద్దాం" అన్నారు. వాడు ఏడుపు ఆపి, వచ్చి నేల మీద చతికిలబడి ఆ వేళ్లు పట్టుకున్నాడు; బకెట్టుకు దూరమయ్యాడు. ఈలోగా పక్కింటి అబ్బాయి బయటినుంచి వెంటిలేటరు గాజు పలకలను ఒక్కొక్కటిగా ఊడదీసి, చీపురు కర్రతో గడియను తోశాడు. మర్నాడే కింది గడియలన్నీ విప్పించి, పెద్దల చేతికి మాత్రమే అందే ఎత్తులో బిగించాము. మీరు ఈ పనిని సామాను దిగే రోజునే చేయించండి.

బకెట్టు విషయం ప్రత్యేకంగా చెప్పాలి. నడక నేర్చిన పిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ కావడంతో, బకెట్టులోకి తొంగి చూసి తలకిందులుగా పడితే తిరిగి లేవలేరు. జానెడు నీళ్లు కూడా ప్రాణం తీస్తాయి. కుళాయి వేళలకు నీళ్లు పట్టి నిల్వ చేసుకోవలసిన ఇళ్లలో ప్రతి పాత్రకూ మూత ఉండాలి, వాడిన బకెట్టును బోర్లించాలి.

నీళ్లు, దోమలు, జ్వరం

మూతలు మరొక పనికి కూడా వస్తాయి. డెంగీని మోసే దోమ మురుగులో కాక నిల్వ ఉంచిన మంచి నీటిలో గుడ్లు పెట్టి, పగటిపూట కుడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది గనుక వారానికొకసారి డ్రమ్ములను ఖాళీ చేసి, లోపలి గోడలను పీచుతో రుద్ది కడిగితే అక్కడ దోమ పుట్టదు. మలేరియా దోమ రాత్రిపూట కుడుతుంది. రాయగడ, కొరాపుట్ వంటి అడవి జిల్లాలలో ఫాల్సిపారం రకం మలేరియా పాతకాపు. ఇది పసిపిల్లల మెదడుకు పాకితే ప్రాణాంతకమవుతుంది. కాబట్టి మొదటి రాత్రి నుంచే దోమతెర కట్టాలి, దాని అంచులను పరుపు కిందికి గట్టిగా దోపాలి. మందు పట్టించిన తెర దొరికితే దానిని తరచుగా ఉతకకుండా, ఉతికినప్పుడు నీడలో ఆరవేయాలి. వానాకాలంలో ఇదే తెర కట్లపాము నుంచి కూడా కాపాడుతుంది. ఆ పాము రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని నొప్పి తెలియకుండా కాటు వేస్తుంది.

జ్వరం వస్తే, కొత్త నీళ్లు పడలేదేమోలే అని రెండు రోజులు చూడకండి. ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. ఈ జిల్లాల ఆశా కార్యకర్తల దగ్గర వేలి నుంచి రక్తపు చుక్క తీసి మలేరియా ఉన్నదో లేదో కొద్ది నిమిషాలలో తేల్చే కిట్లు ఉంటాయి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొట్లం మొత్తాన్ని లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, గుక్క గుక్కగా తాగించాలి. ఇరవై నాలుగు గంటలు దాటితే మిగిలింది పారబోయాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు జింకు మాత్ర ఇస్తారు. విరేచనాలు తగ్గగానే దానిని మానకూడదు. ఆసుపత్రిలో నాలుగు మాటలు ఒడియాలో చెప్పగలిగితే సమయం కలిసివస్తుంది: జ్వరాన్ని 'జర' అంటారు, విరేచనాలు 'ఝాడా', వాంతి 'బాంతి', దగ్గు 'కాశ'. సగం మనకు తెలిసిన మాటలే.

కొరాపుట్ పట్టణం ఎనిమిది వందల మీటర్లకు పైన ఉంది. అటువైపు కాపురం పెట్టేవారు చలికాలంలో పిల్లవాడి గదిలో బొగ్గుల కుంపటి ఉంచి తలుపులు మూయకూడదు. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. పొరలు పొరలుగా బట్టలు వేయడమే క్షేమం.

కార్డు, అంగన్‌వాడీ, పక్కిల్లు

టీకాల కార్డును సామానులో కాక మీ చేతిసంచిలో ఉంచుకోండి. టీకాల వరుస దేశమంతటికీ ఒకటే కాబట్టి ఆంధ్రలో వేయించినవి ఇక్కడా చెల్లుతాయి. 16 నుంచి 24 నెలల మధ్య వేసే రెండో మీజిల్స్-రుబెల్లా టీకా, డీపీటీ బూస్టరు ఇల్లు మారే హడావిడిలో తప్పిపోతుంటాయి. వచ్చిన వారంలోనే ఆశా దీదీకి కార్డు చూపించండి. ఇక్కడి అంగన్‌వాడీలో పేరు రాయించుకుంటే మూడేళ్లలోపు పిల్లలకు ఇంటికి ఛతువా ఇస్తారు. గోధుమ, శనగ, వేరుశనగ కలిపిన ఆ పిండి మన ఉగ్గుకు దగ్గరి చుట్టమే. అయినా మొదటి వారం మాత్రం పాత ఇంట్లో తిన్నదే పెట్టండి. మేము చోళ్లు అనే రాగులను ఇక్కడ మాండియా అంటారు. పేరు మారినా అంబలి రుచి మారదు గనుక మా వాడు దానిని చూసి పేచీ పెట్టలేదు.

భాష గురించి పెద్దలు అనవసరంగా బెంగపడతారు. ఈ ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. వీధికి ఒకరైనా తెలుగు మాట్లాడేవారు దొరుకుతారు. వాడు పక్కింటి మావుసీ (పిన్ని) దగ్గర 'పాణి' అని అడిగి, మీ దగ్గర 'నీళ్లు' అని అడగడం కలగాపులగం కాదు, ఎవరితో ఏది మాట్లాడాలో తేల్చుకోవడమే. సరిదిద్దకుండా, ఇంట్లో మీరు మాత్రం తెలుగు మానకుండా ఉంటే చాలు. ఆ మావుసీకి ఒక తాళంచెవి ఇచ్చి ఉంచండి. ఆమె ఫోను నంబరును, 108ని తలుపు వెనుక పెద్ద అంకెలతో రాసి అతికించండి. నాయనమ్మ ఒక్కరే ఇంట్లో ఉన్న పూట ఆ కాగితమే పనికి వస్తుంది.

కొన్నాళ్లపాటు సాయంత్రం కాగానే "మనింటికి ఎల్దాం" అని పిల్లవాడు చెప్పులు తెచ్చి మీ ముందు పెడతాడు. "రేపెళ్దాం" అని చెప్పకండి. వాడు మర్నాడు నిజంగానే చెప్పులు తెస్తాడు. "అక్కడ తాతయ్య ఉన్నారు, సంక్రాంతికి రైలెక్కి వెళ్దాం, ఇప్పుడు వీధి చివరిదాకా వెళ్లి వద్దాం" అని చెప్పి, ఆ చెప్పులు తొడిగి నిజంగానే నడిపించుకు రండి. మేము రోజూ నాగావళి వంతెన వైపు పది నిమిషాలు నడిచేవాళ్లం. మూడో వారంలో ఒకనాడు తిరిగి వస్తూ, దారి మలుపులో వాడు నా చేయి విడిపించుకుని ముందుకు పరుగెత్తి, సరిగ్గా మా గేటు దగ్గరే ఆగాడు.