ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ నాకింగ్ కొడుతోందా? ముందు టైమింగ్ చూడండి, పెట్రోల్ సంగతి తర్వాత

టాప్ గేరులో 40 స్పీడులో పోతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే, రేకు డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు బోనెట్ లోపల చప్పుడు. శ్రీశైలం ఘాట్‌లోనో, తిరుమల ఎక్కేటప్పుడో, నలుగురు కూర్చుని ఏసీ వేస్తేనో ఈ నాకింగ్ బాగా వినబడుతుంది. చాలామంది వెంటనే ఖరీదైన పెట్రోల్ కొట్టిస్తారు. చప్పుడు తగ్గవచ్చు, కారణం మాత్రం అలాగే ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వరసగా కరెంటు పంచే భాగం) ఉన్న కార్బురేటర్ బండ్లకు (పాత మారుతి 800, ప్రీమియర్ పద్మిని, అంబాసిడర్) పనికొచ్చే వరస ఇది. ఇంజెక్షన్ బండ్ల సంగతి చివర్లో ఉంది.

ముందు ఒక లెక్క తెలిస్తే మిగతాదంతా తేలిక. పిస్టన్ పైకి చేరకముందే ప్లగ్ స్పార్క్ కొట్టాలి, ఎందుకంటే మంట సిలిండర్ అంతా పాకడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. స్పార్క్ పడే ఆ క్షణాన్నే టైమింగ్ అంటారు. 800 ఆర్‌పీఎం దగ్గర ఒక మిల్లీసెకనుకు క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) 5 డిగ్రీల లోపే తిరుగుతుంది. 3000 దగ్గర 18 డిగ్రీలు తిరుగుతుంది. అందుకే రేస్ (ఇంజన్ తిరిగే వేగం) పెరిగేకొద్దీ స్పార్క్ ముందుకు జరగాలి. ఆ పని డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు, స్ప్రింగులు, పక్కనున్న వాక్యూమ్ డబ్బా చేస్తాయి. మనం చేత్తో పెట్టేది మొదలయ్యే చోటు మాత్రమే.

లక్షణం: లోడ్ మీద నాకింగ్

స్పార్క్ మరీ ముందు పడితే, మంట ఇంకా చేరని మూలనున్న మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తనంతట తానే భగ్గుమంటుంది. ఆ దెబ్బ పిస్టన్ మీద, రింగుల మీద, హెడ్ గాస్కెట్ మీద పడుతుంది. దీన్ని నెలల తరబడి వదిలేయకండి.

ఎప్పుడు మొదలైందో గుర్తు చేసుకుంటే సగం కారణం దొరికినట్టే. ట్యూనింగ్ చేయించిన రోజు నుంచే అయితే టైమింగ్ ముందుకు పెట్టేశారు. కొత్త బంకులో ట్యాంకు నింపాక అయితే పెట్రోల్‌ను అనుమానించండి. కిరోసిన్ కలిస్తే ఆక్టేన్ (నాకింగ్‌ను ఓర్చుకునే గుణం) ఘోరంగా పడిపోతుంది. నెలల మీద మెల్లగా పెరిగితే హెడ్‌లో కార్బన్ పేరుకుంది. టెంపరేచర్ ముల్లు పైకి పోయినప్పుడే వస్తే రేడియేటర్, థర్మోస్టాట్, ఫ్యాన్ చూడాలి. అప్పుడు టైమింగ్ వెనక్కి జరపడమంటే జబ్బు ఒకచోట, మందు ఇంకోచోట.

గ్యాస్ కిట్ ఉన్న బండ్లలో ఇంకో కారణం ఉంటుంది. ఎల్‌పీజీకి, సీఎన్‌జీకి ఆక్టేన్ పెట్రోల్ కంటే ఎక్కువ. గ్యాస్‌లో పికప్ రావాలని టైమింగ్ ముందుకు పెడతారు. అదే బండి పెట్రోల్ మీదకు మార్చగానే కొట్టుకుంటుంది. రెండూ వాడేవాళ్లు పెట్రోల్‌కే సెట్ చేసుకోవాలి. గ్యాస్‌లో కాస్త పికప్ తగ్గినా ఇంజన్ బతుకుతుంది.

కింద రేస్‌లో బాగానే ఉండి, మధ్య రేస్‌లోనే నాకింగ్ వస్తే డిస్ట్రిబ్యూటర్ బరువుల స్ప్రింగు సాగిపోయిందో, తెగిందో చూడండి. ప్లగ్గుల హీట్ రేంజి (వేడిని వదిలే స్థాయి) తప్పినా, కార్బురేటర్ కింది గాస్కెట్ నుంచి గాలి పీలుస్తున్నా ఇదే చప్పుడు వస్తుంది.

లక్షణం: పికప్ లేదు, ఇంజన్ వేడెక్కుతుంది, సైలెన్సర్‌లో ఠప్ ఠప్

ఇది టైమింగ్ వెనకబడిన బండి. మంట ఆలస్యంగా మొదలై ఎగ్జాస్ట్ వాల్వు తెరిచేదాకా కాలుతూనే ఉంటుంది. శక్తి వేడిగా సైలెన్సర్ పాలవుతుంది. మైలేజీ కూడా పడిపోతుంది.

పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్ లోపల తెరుచుకుని స్పార్క్ పుట్టించే కాంటాక్టులు) ఉన్న బండ్లలో మొదటి అనుమానం పాయింట్ల మడమ మీదే. క్యామ్‌ను ఒరుసుకునే ఆ ఫైబర్ ముక్క అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ దానంతట అదే వెనక్కి పోతుంది. తర్వాత వాక్యూమ్ డబ్బా. కార్బురేటర్ వైపు పైపు ఊడదీసి నోటితో పీల్చండి. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూస్తుంటే లోపలి ప్లేటు కదలాలి, పీల్చి నాలుక అడ్డం పెడితే అక్కడే నిలబడాలి. గాలి ఊరికే వచ్చేస్తుంటే డయాఫ్రమ్ చిరిగింది, డబ్బా మార్చాల్సిందే.

లక్షణం: వేడి ఇంజన్ స్టార్ట్ చేస్తే సెల్ఫ్ ఎదురు తన్నినట్టు ఆగి తిరుగుతుంది

టైమింగ్ బాగా ముందుంది. కానీ తాళం తీశాక కూడా ఇంజన్ కాసేపు తిరుగుతుంటే అది వేరే జబ్బు. స్లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగే వేగం) ఎక్కువ పెట్టడం, కార్బన్, మరీ వేడి రకం ప్లగ్గులు చూడండి.

లక్షణం: డిస్ట్రిబ్యూటర్ ఎంత తిప్పినా టైమింగ్ మార్కు కలవదు

టైమింగ్ బెల్టు ఒక పన్ను జరిగింది, లేదా డిస్ట్రిబ్యూటర్ దింపి మళ్లీ పెట్టినప్పుడు ఒక పన్ను తప్పింది. బెల్టు మార్కులు కలిశాకే ఇగ్నిషన్ జోలికి వెళ్లండి.

సెట్ చేసే పద్ధతి

పాయింట్ల గ్యాప్ ముందు, టైమింగ్ తర్వాత. ఈ వరస తారుమారైతే రెండూ తప్పుతాయి, ఎందుకంటే గ్యాప్ పెంచితే టైమింగ్ ముందుకు, తగ్గిస్తే వెనక్కి జరుగుతుంది. మడమ క్యామ్ ఎత్తు మీద ఉండగా ఫీలర్ గేజ్‌తో చూడండి. చాలా బండ్లకు 0.4 నుంచి 0.5 మి.మీ. మధ్య ఉంటుంది. గేజ్ కాస్త పట్టినట్టు జారాలి.

ఇంజన్‌ను మామూలు వేడికి తెచ్చి, ఏసీ, లైట్లు ఆపి, స్లోను కంపెనీ చెప్పిన ఆర్‌పీఎంకు పెట్టండి. మాన్యువల్ వేరుగా చెప్పకపోతే వాక్యూమ్ పైపు తీసి దాని నోరు మూసేయండి. టైమింగ్ లైట్ ఎర్ర క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కు, నల్లది మైనస్‌కు, పెద్ద క్లాంపు ఒకటో సిలిండర్ ప్లగ్ వైరుకు తగిలించండి. చాలా బండ్లలో మార్కు క్రాంక్ పుల్లీ మీద ఉంటుంది. మారుతి 800లో గేర్‌బాక్స్ వైపు రబ్బరు మూత తీస్తే ఫ్లైవీల్ మీద కనబడుతుంది. మసి తుడిచి మార్కు మీద సుద్దముక్క రుద్దండి, లైటులో స్పష్టంగా నిలబడుతుంది.

డిస్ట్రిబ్యూటర్ బోల్టు చేతికి బిగువుగా తిరిగేంత మాత్రమే వదులు చేయండి. రోటర్ (డిస్ట్రిబ్యూటర్ మధ్యలో తిరిగే ముక్క) తిరిగే దిక్కుకు ఎదురుగా తిప్పితే ముందుకు, అదే దిక్కుకు తిప్పితే వెనక్కి. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్ వేగంలో సగమే తిరుగుతుంది కాబట్టి దాన్ని 1 డిగ్రీ జరిపితే క్రాంక్ మీద 2 డిగ్రీలు మారుతుంది. గోరు వెడల్పు తిప్పడం కూడా ఎక్కువే. ఎన్ని డిగ్రీలన్నది బండి మాన్యువల్‌లోనో, బోనెట్ కింది స్టిక్కర్ మీదో ఉన్నదే ప్రమాణం. పక్కబండి అంకె పెట్టకండి.

ఇక్కడే అందరూ పొరబడతారు. టైమింగ్ ముందుకు జరగగానే స్లో పెరుగుతుంది. పెరిగిన స్లోలో బరువులు విచ్చుకోవడం మొదలుపెట్టి మార్కు ఇంకా ముందున్నట్టు చూపిస్తాయి. కాబట్టి స్లో తగ్గించి మళ్లీ లైటు వేయాలి. బోల్టు బిగించాక ఇంకోసారి వేయాలి, బిగింపులో అది జరుగుతుంది. తర్వాత రేస్ 2500 దాకా పెంచితే మార్కు జెర్కు లేకుండా ముందుకు జరగాలి.

వాక్యూమ్ పైపు తగిలించి రోడ్డు మీద చూడండి. టాప్ గేరులో 40 నుంచి తొక్కితే నాకింగ్ రాకూడదు. వస్తుంటే క్రాంక్ లెక్కన 2 డిగ్రీలు వెనక్కి పెట్టండి. 4 డిగ్రీలు తగ్గించినా పోకపోతే ఆపేయండి. కారణం టైమింగ్ కాదు, కార్బనో, వేడో, పెట్రోలో.

ఇక పెట్రోల్

ఆక్టేన్ అంటే బలం కాదు, తనంతట తాను అంటుకోకుండా ఓర్చుకునే గుణం. 91 పెట్రోల్ అంటే 91 శాతం ఐసో ఆక్టేన్, 9 శాతం నార్మల్ హెప్టేన్ మిశ్రమంలా ప్రవర్తించేది. కంప్రెషన్ నిష్పత్తి 9 లోపున్న పాత బండికి, టైమింగ్ సరిగ్గా ఉంటే, 95, 99, 100 అంకెల పెట్రోల్ వల్ల ఒరిగేదేమీ లేదు. అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడి పంపు మీద 87 చూసి తక్కువ రకం అనుకోవద్దు. అది రెండు పరీక్షల సగటు. మన పద్ధతిలో దాదాపు 91 అవుతుంది.

ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చాక కార్బురేటర్ బండ్లలో ఇంకో తికమక. ఇథనాల్ ఆక్టేన్ పెంచుతుంది, కానీ అందులో ఆక్సిజన్ ఉంది కాబట్టి అదే జెట్‌తో (కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే రంధ్రం) మిశ్రమం పలచబడుతుంది. పికప్‌లో తడబాటు, వేడి కనబడతాయి. దాన్ని టైమింగ్ లోపమనుకుని డిస్ట్రిబ్యూటర్ తిప్పుతారు. మెయిన్ జెట్ ఒక సైజు పెంచి చూడండి. పాత రబ్బరు పెట్రోల్ పైపులు ఉబ్బాయేమో, చెమ్మగిల్లుతున్నాయేమో కూడా చూడాలి.

ఇంజెక్షన్ బండ్లలో తిప్పడానికి ఏమీ లేదు. నాక్ సెన్సర్ ఉంటే చప్పుడు విన్న క్షణంలో ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) స్పార్క్ వెనక్కి జరుపుతుంది. టర్బో పెట్రోల్ బండ్లలో మాన్యువల్ 95 అడిగితే 95 పోయండి. అక్కడ తేడా నిజంగా తెలుస్తుంది. 91 చాలన్న టర్బో లేని బండిలో వరసగా రెండు ట్యాంకులు ఖరీదైనది పోసి, అదే ఘాట్‌లో అదే గేరుతో ఎక్కి చూడండి. పికప్‌లో, మైలేజీలో తేడా లేకపోతే మామూలు పెట్రోల్‌కే తిరిగి రండి. తేడా కనబడితే ఆ బండి మామూలు పెట్రోల్‌తో లోలోపల నాకింగ్ కొడుతున్నట్టే. కార్బన్, కూలింగ్, ప్లగ్గులు విప్పి చూసుకోండి.