ముత్తాతకి ఇద్దరు తండ్రులు కనిపిస్తే ఏం చేయాలి?

తెనాలిలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. ఇప్పుడు చుట్టాల పిల్లలు అమెరికా నుంచి పాత కాగితాల ఫొటోలు పంపి, "బాబాయ్, ఒకదాంట్లో ముత్తాత తండ్రి పేరు రామయ్య, ఇంకోదాంట్లో సుబ్బయ్య. ఏది కరెక్టు?" అని అడుగుతుంటారు. ఆ కాగితం దేనికోసం రాయించారు, వివరాలు ఎవరు చెప్పారు? ముందు ఇది తేల్చుకోమంటాను.

క్రయ దస్తావేజులో పేర్లూ హద్దులూ తప్పితే రేపు కోర్టుకెక్కాలి గనుక వాటిని ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తాం. వయస్సు దగ్గర అంత పట్టింపు లేదు, మనిషి వాలకం చూసి "సుమారు 40 సంవత్సరములు" అని వేసేవాళ్ళు. బడి రికార్డులో జులై 1న పుట్టినట్టు ఉంటే చాలాసార్లు అది చేర్చుకున్న మాస్టారు వేసిన తేదీ. చనిపోయిన రోజుకి మాత్రం ఇంట్లో ఆబ్దికం పెట్టే తిథినే నమ్మండి. ఏటా చేసేది కాబట్టి అది మారదు, సంవత్సరమే మరిచిపోతారు.

కొన్ని తేడాలు లెక్క కడితేనే పోతాయి. ఆంధ్రలో ఫసలీకి, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరానికి, 590 కలపండి: 1330 ఫసలీ అంటే 1920 జులై నుంచి 1921 జూన్ దాకా. తెలుగు సంవత్సరాల పేర్లు 60 ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి గనుక "శార్వరిలో పుట్టాడు" అంటే 1900-01 కావచ్చు, 60 ఏళ్ళు వెనక్కి 1840-41 కూడా కావచ్చు. పైగా శార్వరి పుష్యమాసం జనవరిలోకి వచ్చిందంటే ఇంగ్లీషు సంవత్సరం 1901 అయిపోతుంది. ఏడాది తేడాకే ఇద్దరు మనుషులని గొడవపడకండి.

ఇక తండ్రి పేరు సంగతి. ఆ పిల్లలు పంపిన 1921 దస్తావేజులో "రామయ్య కుమారుడు వెంకయ్య", 1934 దాంట్లో "సుబ్బయ్య కుమారుడు వెంకయ్య". మొదటి పేజీ చూసి ఆగిపోకండి. ఆస్తి ఎలా వచ్చిందో చెప్పే భాగం దాకా చదవండి. 1934 కాగితంలో అక్కడే ఉంది: "నా దత్తత తండ్రిగారి వలన నాకు సంక్రమించి..." రామయ్య కన్నతండ్రి, సుబ్బయ్య పెంచుకున్న పెదనాన్న. రెండు కాగితాలూ నిజమే. దౌహిత్రుణ్ణి, అంటే కూతురి కొడుకుని, దత్తు తెచ్చుకుంటే ఇంటిపేరూ గోత్రమూ కూడా మారతాయి, అప్పుడు వేరే కుటుంబమనే అనుకుంటారు.

దత్తత మాట ఎక్కడా లేకపోతే తాత పేరు మనవడికి పెట్టారేమో చూడండి. మన ఇళ్ళలో ఇది మామూలే, ఒక తరం విడిచి అదే వెంకయ్య వస్తాడు. అప్పుడు సంతకాలు పోల్చండి. ఒకాయన వేలిముద్ర వేసి ఇంకొకాయన గొలుసుకట్టుగా సంతకం చేస్తే ఇద్దరని అనుమానించండి. సర్వే నంబరు, నాలుగు హద్దులు, భార్య పేరు కూడా వేరైతే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. భూమి ఒక్కటే కలిసిందని ఒకే మనిషని తేల్చకండి, తాత పొలం మనవడికి రావడం వింతేమీ కాదు.

నకళ్ళకి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెట్టండి. స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకంలో ఉంటాయి, ఎవరైనా నకలు తీసుకోవచ్చు. రిజిస్టరైన వీలునామాలు 3వ పుస్తకంలో, రాసినవాళ్ళు పోయాక వాటికీ ఎవరైనా అడగొచ్చు. దత్తత పత్రాలు సాధారణంగా ఉండే 4వ పుస్తకం నకలు మాత్రం పార్టీలకీ వాళ్ళ తరఫువాళ్ళకీ తప్ప ఇవ్వరు, కాబట్టి సంబంధం చూపించే కాగితం వెంట తీసుకెళ్ళండి.

ఇవేవీ దొరక్కపోతే ఆడపడుచుల అత్తవారిళ్ళలో వెతకండి. దీన్ని చాలామంది పట్టించుకోరు. పెళ్ళిలో ప్రవర చెప్పేటప్పుడు ముత్తాత, తాత, తండ్రి పేర్లు మూడూ చదువుతారు, పాత లగ్నపత్రికల్లోనూ పురోహితుల నోటుపుస్తకాల్లోనూ అవి ఉండొచ్చు. దత్తు వెళ్ళినవాడికి అక్కడ పెంచిన వంశమే చెబుతారని మాత్రం గుర్తుంచుకోండి.

అప్పటికీ తేలకపోతే వంశవృక్షం చార్టులో రెండు పేర్లూ పెన్సిల్‌తో రాసి, పక్కన ఏ కాగితం, ఏ సంవత్సరం, ఎవరి దగ్గరుంది అన్నది కూడా వేయండి. పెద్దావిడ ఎవరో గట్టిగా చెప్పారని ఒక పేరు కొట్టేయకండి.