హాలీహాక్ విత్తేముందు ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి

దసరా దగ్గర పడింది. అనంతపురంలో ఇంటి ముందు హాలీహాక్ పూల మొక్కలు వేద్దామనుకునేవాళ్లకు ఇదే అదను. కొన్న విత్తనాల ప్యాకెట్ వెనక ‘మార్చి నుంచి జూన్ లోపు విత్తాలి’ అని ఉంటే ఆ మాట పట్టించుకోకండి. అది మంచు కురిసే దేశాల లెక్క. మనకు మార్చి అంటే పూలు అయిపోవచ్చే నెల. సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు లోపు విత్తితే ఫిబ్రవరి, మార్చిలో పూస్తాయి. మొదటిసారి నేను ప్యాకెట్ మాట నమ్మి ఏప్రిల్‌లో వేశాను. మొలిచినవి మొలిచినట్టే మే మొదటి వారానికి మాడిపోయాయి.

ఇంకో సంగతి కూడా ఆ ప్యాకెట్ మీదే ఉంటుంది. హాలీహాక్‌లో చాలా రకాలు మొదటి ఏడాది ఆకులే వేసి, రెండో ఏడాది పూస్తాయి. అంటే 40 డిగ్రీలు దాటే మన ఎండాకాలాన్ని ఒకటి దాటించాలి. ఆ టెన్షన్ మనకెందుకు? విత్తిన ఏడాదే పూసే రకం అడిగి తెచ్చుకోండి.

మన జిల్లాలో ఏడాది మొత్తానికి పడేది సుమారు 550 మి.మీ. వానే. అయినా ఈ మొక్కను ఎండ కంటే నీళ్లే ఎక్కువ చంపుతాయి. అక్టోబరు వానలు రెండు రోజులు పట్టుకుంటే పల్లంలో నీళ్లు నిలిచి, మొదలు దగ్గర మొక్క కుళ్లిపోతుంది. కాబట్టి మడి జానెడు ఎత్తుగా చేసుకోండి. నల్లరేగడి అయితే ఇసుక, మాగిన పశువుల ఎరువు కలపక తప్పదు. ఎర్ర నేలలో ఇంకో చిక్కు ఉంది. వాన వెలిశాక పైన పెచ్చు కడుతుంది. గింజను అర సెంటీమీటరు లోతులో వేసి, పైన జల్లెడ పట్టిన ఎరువు పల్చగా చల్లితే చాలు. పది, పదిహేను రోజుల్లో మొలుస్తాయి. వేరు సూటిగా కిందికి దిగే రకం కనుక పీకి నాటితే తట్టుకోలేదు. పూయాల్సిన చోటే విత్తి, అడుగున్నర ఎడం ఉండేలా మిగతావి తీసేయండి. కుండీ అయితే అడుగు లోతైనా ఉండాలి.

అసలు గండం తుప్పు తెగులు. డిసెంబరులో తెల్లారేసరికి ఆకులు మంచుకు తడిసి ఉంటాయి కదా, అప్పుడు మొదలవుతుంది. పైన చూస్తే పసుపు చుక్కలే, పెద్దగా భయపడరు. ఆకు తిప్పి చూడండి. అడుగున గసగసాలు అంటించినట్టు గోధుమరంగు బొడిపెలు ఉంటాయి, వేలితో రాస్తే గరుకుగా తగులుతాయి. కింది ఆకుల్లో మొదలై పైకి పాకుతుంది. సాయంత్రం పైపు పట్టుకుని ఆకుల మీద చిమ్మడం మా ఇంట్లో అందరికీ సరదా. పోయినేడు ఆ సరదాతోనే ఆరు మొక్కలకు తుప్పు పట్టింది. నీళ్లు పొద్దున్నే, మొక్క మొదలు దగ్గరే పోయాలి. చుక్కలు కనిపించిన ఆకును తుంచి కాల్చేయండి, ఎరువు గుంతలో మాత్రం వేయొద్దు. అయినా ఆగకపోతే మాంకోజెబ్ అనే తెగులు మందు లీటరు నీటికి 2.5 గ్రాములు కలిపి, ముక్కుకు గుడ్డ, చేతులకు గ్లవ్స్ వేసుకుని, ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టండి.

హాలీహాక్ బెండ, మందారం కుటుంబంలోదే. మందారానికి పిండినల్లి (తెల్లగా దూదిలా అంటుకునే పురుగు) ఉంటే ముందు దాన్ని బాగుచేసి అప్పుడు హాలీహాక్ సంగతి చూడండి. లేదంటే ఇటు ఎక్కేస్తుంది. వేపనూనె లీటరుకు 5 మి.లీ., కాస్త సబ్బునీళ్లు కలిపి వారానికోసారి కొడితే అదుపులో ఉంటుంది.

గాలి సంగతి మనకు కొత్తగా చెప్పాలా? రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఐదారడుగులు లేచి, నిండా పూలతో ఉన్న కాడ మార్చి గాలివానకు పడిందంటే మళ్లీ నిలబడదు. పడ్డాక కర్ర కట్టి లాభం లేదు. మోకాలెత్తు ఉన్నప్పుడే పాతాలి, అదీ వేరుకు తగలకుండా జానెడు దూరంలో. వెదురు కర్ర పాతితే మా వీధిలో రెండు నెలల్లో చెదలు తినేశాయి, అందుకే ఇప్పుడు పాత ఇనుప చువ్వలు వాడుతున్నాను. పాత చీర పీలికను 8 అంకెలా మెలితిప్పి కట్టండి. పురికొస అయితే కాడను కోసేస్తుంది. మొక్క మొదలు దగ్గర శనక్కాయ పొట్టు పరిచేవాళ్లు కాండానికి బెత్తెడు దూరం వదలండి, దానికీ చెదలు వస్తాయి.

ఏప్రిల్‌లో కాయలు ఎండాక గింజలు తీసేటప్పుడు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. కాయ మీది నూగు చర్మానికి అంటితే దురద. గింజలు చిన్న చక్రాల్లా పేర్చినట్టు ఉంటాయి, పిల్లలు ఒలవడానికి ఎగబడతారు, వాళ్లకూ ఇదే జాగ్రత్త. తుప్పు పట్టని మొక్క నుంచే తీసి, నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లంలో కట్టి, పైన రంగు, నెల రాసి పెట్టండి.